ఐటీ కారిడార్‌లో స్థానిక పాలన: సైబరాబాద్ పరిణామంపై ఒక సమీక్ష

హైదరాబాద్‌కు పడమర మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట గ్రామాల నేల మీద విస్తరించిన ఐటీ కారిడార్‌ను గురించిన చర్చ సాధారణంగా ఎగుమతులు, ఉద్యోగాలు, భూముల ధరలు అనే మూడు అంశాల దగ్గరే ఆగిపోతుంది. ఆ ప్రాంతపు వీధికి, మురుగుకాల్వకు, చెరువుకు, ఇంటి అనుమతికి, ఆస్తి పన్నుకు బాధ్యులెవరు, ఆ బాధ్యులను ఎన్నుకునే, నిలదీసే హక్కు అక్కడి నివాసులకు ఎంతవరకు ఉంది అన్న ప్రశ్న, నిత్యజీవితాన్ని నేరుగా తాకేదే అయినా, వానాకాలంలో రోడ్లు మునిగినప్పుడు తలెత్తి, నీరు తగ్గగానే మరుగునపడుతుంది. 1998 నుంచి 2025 చివరి దాకా ఈ ప్రాంతంలో స్థానిక పరిపాలన ఏయే రూపాలు దాల్చిందో పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఎన్నికైన స్థానిక సంస్థలను పక్కన ఉంచి, రాష్ట్ర ప్రభుత్వపు ప్రత్యేక సంస్థల ద్వారా కట్టడం వల్లనే ఈ ప్రాంతం అంత వేగంగా తయారైంది; ఆ ఏర్పాటే శాశ్వతంగా కొనసాగడం వల్ల దాని నిర్వహణకు జవాబుదారీ లేకుండా పోయింది.

నేల వెనుకటి పాలన

మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1869లో, హైదరాబాద్ నగరానికి మున్సిపల్ వ్యవస్థ ఏర్పడింది. మూసీకి ఉత్తరాన పెరిగిన చాదర్‌ఘాట్‌కు వేరే మున్సిపాలిటీ ఉండేది. 1933లో ఆ రెండూ కలిశాయి. 1960లో సికింద్రాబాద్ కార్పొరేషన్ కూడా హైదరాబాద్‌తో ఏకమైంది. ఇప్పటి ఐటీ కారిడార్ గ్రామాలు ఈ పరిణామమంతటికీ వెలుపలే ఉండిపోయాయి. నగరం చుట్టూ ఉన్న పల్లెలలో అధిక భాగం సర్ఫేఖాస్ కింద, అంటే నిజాం సొంత ఖర్చులకు ఆదాయం సమకూర్చే ఎస్టేటు కింద ఉండేవి, మిగిలినవి జాగీర్లు, పాయ్‌గాల రూపంలో సంపన్న వంశాల చేతుల్లో ఉండేవి. జాగీరు అంటే శిస్తు వసూలు హక్కుతో కలిపి పాలకుడు ఇచ్చే గ్రామదానం. పాయ్‌గా అంటే అశ్వికదళాన్ని పోషించే బాధ్యత మీద ఉన్నత కుటుంబాలకు ఇచ్చిన విస్తారమైన ఎస్టేటు. మక్తా అంటే నిర్ణీత మొత్తం కట్టే ఒప్పందం మీద దక్కిన భూమి. ఖల్సా అంటే శిస్తు నేరుగా ఖజానాకు చేరే ప్రభుత్వ గ్రామం. రాయదుర్గ్ పాయ్‌గా, రాయదుర్గ్ పన్‌మక్తా, రాయదుర్గ్ నౌఖల్సా, మణికొండ జాగీర్, మణికొండ ఖల్సా, బండ్లగూడ జాగీర్ అని రెవెన్యూ రికార్డుల్లో ఈనాటికీ నడుస్తున్న గ్రామాల పేర్లు ఆ వ్యవస్థ ఎంత లోతుగా పాతుకుపోయిందో చూపుతాయి.

1949లో సర్ఫేఖాస్ ప్రభుత్వంలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. అయితే శిస్తు హక్కు ఎవరిది, భూమి హక్కు ఎవరిది, ధార్మిక దానంగా ఇచ్చినది ఎంత, ప్రభుత్వానికి సంక్రమించినది ఎంత అన్న చిక్కుముళ్లు ఆ రద్దుతో తెగలేదు. రాతి గుట్టలు, తుప్పలు, పశువులు మేసే కంచలు నిండిన ఆ నేలకు అప్పట్లో పెద్ద విలువ లేకపోవడం వల్ల వివాదాలు నిద్రాణంగా ఉండిపోయాయి, విలువ పెరగగానే అవన్నీ న్యాయస్థానాలకు చేరాయి. మణికొండ జాగీర్‌లోని హజ్రత్ హుస్సేన్ షావలీ దర్గాకు చెందిన వక్ఫు ఆస్తిగా చెప్పిన 1,654 ఎకరాల వ్యవహారం వీటిలో ముఖ్యమైనది. ఆ భూమిలో అప్పటికే ప్రభుత్వం అనేక సంస్థలకు, కంపెనీలకు కేటాయింపులు జరిపింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ భూమి రాష్ట్ర ప్రభుత్వానిదేనని తీర్పు ఇచ్చింది. మాదాపూర్‌లో గురుకుల ట్రస్టుకు చెందిన 627 ఎకరాల వ్యవహారం మరో తీరుది: హైటెక్ సిటీకి ఆనుకునే ఉన్న ఆ భూమిలో అనుమతులు లేని ప్లాట్లు, అంతస్తుల మీద అంతస్తులు వెలిశాయి, 2014 జూన్‌లో కొన్ని కట్టడాల కూల్చివేత మొదలై, వ్యవహారం కోర్టుల్లో చిక్కుకుంది. దేశంలోనే పేరున్న ఆధునిక కార్యాలయ సముదాయం పక్కన, చట్టబద్ధమైన లేఅవుట్ లేని కాలనీ దశాబ్దాల పాటు నిలబడి ఉండటం పరిపాలనా వైఫల్యమే తప్ప మరొకటి కాదు. ఆఫీసు భవనానికి వారాల్లో అనుమతి ఇవ్వగలిగిన యంత్రాంగం, పక్క వీధి హక్కు పత్రాల సంగతిని తేల్చలేకపోయింది.

మున్సిపాలిటీ ఉండగానే మరో అధికారం

1978 ఆగస్టు 15న హైదరాబాద్ చుట్టుపక్కల గ్రామీణ ప్రాంతాలతో ఏర్పడిన జిల్లాయే తరువాత రంగారెడ్డి జిల్లా అయింది. ఈ జిల్లా పడమటి వైపు అప్పటికే 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది, పక్కనే ఉన్న రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం నడుస్తున్నది. శేరిలింగంపల్లి మున్సిపాలిటీ ఈ నేపథ్యంలో పెరిగిన పురపాలిక. 2001 జనగణన నాటికి దాని జనాభా సుమారు లక్షన్నర. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వంటి పల్లెలు దాని పరిధిలోనివే. ఐటీ కారిడార్ ప్రజాస్వామ్యం లేని బంజరు మీద మొలవలేదని, అక్కడ ఒక పురపాలిక, దాని కౌన్సిలర్లు, దాని పన్ను పుస్తకాలు ఉన్నాయని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

హైటెక్ సిటీ నిర్మాణం ఆ పురపాలిక చేతుల మీదుగా జరగలేదు. హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ సిటీ అనే పొడవాటి పేరుకు సంక్షిప్త రూపమైన హైటెక్ సిటీని, 1973లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ, అంటే ఏపీఐఐసీ, ఎల్ అండ్ టీ కంపెనీతో కలిసి సంయుక్త సంస్థగా చేపట్టింది. ఆ సంస్థలో ప్రభుత్వ వాటా 11 శాతం, కంపెనీ వాటా 89 శాతం. ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు కాలంలో కట్టిన మొదటి భవనం సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. అదే సంవత్సరం గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది, 2001 డిసెంబరులో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ప్రారంభమైంది, 2002 చివర జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో స్టేడియం సిద్ధమైంది. నాలుగేళ్లలో ఇన్ని నిర్మాణాలు లేవడం, రాళ్లగుట్టల మధ్య పెద్ద రోడ్లు పడటం తక్కువ విజయం కాదు. దాన్ని తక్కువచేసి మాట్లాడే విమర్శ చరిత్రకు న్యాయం చెయ్యదు. ఒక చిన్న మున్సిపాలిటీ తనకున్న ఇంజినీర్లతో, ఇంటి పన్నుతో ఆ పని చేయగలిగేది కాదనే వాదనలో నిజముంది.

ఆ వాదన ఎక్కడ ఆగాలో అక్కడ ఆగకపోవడమే అసలు సమస్య. 2001లో ప్రభుత్వం 52 చదరపు కిలోమీటర్ల పరిధితో సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీని ఏర్పాటు చేసింది. డెవలప్‌మెంట్ అథారిటీ అనేది 1975 నాటి పట్టణాభివృద్ధి చట్టం కింద పుట్టిన సంస్థ; మాస్టర్ ప్లాన్ తయారీ, భూ వినియోగ నిర్ణయం, లేఅవుట్ల మంజూరు, భూముల అభివృద్ధి, అమ్మకం దాని పనులు; దాని పాలకవర్గాన్ని ప్రభుత్వమే నియమిస్తుంది. హైదరాబాద్‌కు అప్పటికే హుడా అనే అథారిటీ ఉన్నా, ఐటీ ప్రాంతానికి వేరే అథారిటీ పెట్టడం, ఆ ప్రాంతాన్ని మిగిలిన నగరం కన్నా ప్రత్యేకంగా చూడాలన్న విధానానికి చట్టరూపం ఇవ్వడమే. 2008 ఆగస్టులో హుడా, సైబరాబాద్ అథారిటీ, విమానాశ్రయ ప్రాంత అథారిటీ, బుద్ధపూర్ణిమ ప్రాజెక్టు అథారిటీ నాలుగింటినీ కలిపి సుమారు 7,200 చదరపు కిలోమీటర్ల పరిధితో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థను, అంటే హెచ్‌ఎండీఏను, ఏర్పాటు చేశారు. ప్రణాళికా అధికారం దానితో మరింత పైకి, మరింత దూరానికి వెళ్లింది.

పన్ను ఎవరు వసూలు చేస్తారు

ఐటీ కారిడార్ పరిపాలనలో అతి తక్కువగా చర్చకు వచ్చే సంస్థ ఐలా. ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ అన్న పేరుకు ఇది పొట్టి రూపం. పారిశ్రామిక సంస్థ అభివృద్ధి చేసిన లేఅవుట్లలో, మున్సిపాలిటీకి ఉండవలసిన అధికారాలను, అంటే ఆస్తి పన్ను వసూలును, భవన అనుమతులను, రోడ్ల, దీపాల, కాల్వల నిర్వహణను, ఆ సంస్థకే అప్పగించే ఏర్పాటు ఇది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో టీఎస్‌ఐఐసీగా, 2024 నుంచి టీజీఐఐసీగా వ్యవహరిస్తున్న సంస్థ ఈ అధికారాలను వినియోగిస్తుంది. వసూలైన పన్నులో సుమారు మూడో వంతు భాగం స్థానిక సంస్థకు వెళ్లాలి, మిగిలింది ఆ లేఅవుట్ల నిర్వహణకే ఉండాలి.

పైపైన చూస్తే ఈ ఏర్పాటు సబబుగానే కనిపిస్తుంది, ఎందుకంటే పన్ను కట్టిన చోటే ఆ పన్ను ఖర్చవుతుంది. కొంచెం లోతుకు వెళితే దాని లోపం తెలుస్తుంది. కంపెనీ ఉద్యోగులు లేఅవుట్ సరిహద్దు దగ్గర ఆగిపోరు. వారు నడిచే కాలిబాట, వారు ఉండే హాస్టలు, వారు ఎక్కే ఆటో నిలిచే కూడలి, వారి ఆఫీసుల వాన నీరు పారవలసిన నాలా, వారి భవనాలను ఊడ్చే కార్మికులు ఉండే సిద్దిక్‌నగర్ వంటి బస్తీలు, అన్నీ లేఅవుట్‌కు వెలుపల మున్సిపల్ పరిధిలో ఉంటాయి. భారం మున్సిపాలిటీ మీద పడుతుంది, పన్నులో పెద్ద వాటా మాత్రం మరో సంస్థ చేతికి పోతుంది. కొండాపూర్, మాదాపూర్ కాలనీల్లో ఒక్కొక్క కుటుంబం కోసం వేసిన మురుగు పైపులైను మీద వందల మంది ఉండే హాస్టళ్లు వెలిసినప్పుడు పైపును మార్చవలసిన ఖర్చు ఎవరిదో ఈ పద్దులు చెప్పవు. అందువల్ల ఐలా వ్యవస్థను సమర్థత పేరిట సమర్థించేవారు, ఆ సమర్థతకు అయ్యే ఖర్చులో కొంత పక్క వీధివారి మీద పడుతోందని కూడా లెక్కలో వేసుకోవాలి.

2005 నాటి కేంద్ర చట్టం కింద ఏర్పడిన ప్రత్యేక ఆర్థిక మండళ్లు ఈ చిత్రానికి మరో పొరను చేర్చాయి. ఆ మండళ్లలో డెవలప్‌మెంట్ కమిషనర్ అనే కేంద్ర అధికారికి విస్తృతమైన పర్యవేక్షణాధికారం ఉంటుంది. దానితో ఒకే రోడ్డుకు ఒకవైపు ప్రత్యేక మండలి, మరోవైపు పారిశ్రామిక లేఅవుట్, వాటి వెనుక కార్పొరేషన్ వార్డు, వాటికి పైన హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్ ఉండే స్థితి ఏర్పడింది.

2007 విలీనం

2007 ఏప్రిల్ 16న హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌లో 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌ను ఏర్పాటు చేశారు. శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి, రాజేంద్రనగర్ ఆ పన్నెండింటిలోనివే. సుమారు 172 చదరపు కిలోమీటర్ల నగరం దాదాపు 650 చదరపు కిలోమీటర్లకు విస్తరించింది. ఆ విస్తీర్ణమంతటికీ 150 వార్డులు ఏర్పడ్డాయి. శేరిలింగంపల్లి మున్సిపాలిటీలో సొంత పాలకవర్గం, సొంత బడ్జెట్ ఉన్న ప్రాంతం, ఆ తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, శేరిలింగంపల్లి, మియాపూర్, హఫీజ్‌పేట, చందానగర్ వంటి కొద్ది వార్డుల ప్రాతినిధ్యంగా కుదించుకుపోయింది.

విలీనం వల్ల కలిగిన లాభాలను కాదనలేం. తాగునీటి సరఫరా 1989లో ఏర్పడిన జలమండలి పరిధిలోకి క్రమంగా వచ్చింది, పెద్ద ఫ్లైఓవర్లకు, దుర్గం చెరువు మీద 2020 సెప్టెంబరులో ప్రారంభమైన తీగల వంతెనకు కావలసిన ఆర్థిక బలం మహానగరపు ఖజానాకే ఉంటుంది. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి, అదే సంవత్సరం నవంబరులో రాయదుర్గం దాకా మెట్రో రైలు రావడం కూడా నగరమంతటినీ ఒకటిగా చూసే దృష్టి వల్ల సాధ్యమైంది. ప్రాతినిధ్యం సంగతి వేరు. విలీనం జరిగిన రోజు నుంచి 2009 నవంబరు ఎన్నికల దాకా కార్పొరేషన్‌కు పాలకమండలి లేదు. ప్రత్యేకాధికారి పాలన సాగింది. మొదటి పాలకమండలి గడువు 2014 డిసెంబరులో ముగిశాక 2016 ఫిబ్రవరి దాకా మళ్లీ అదే పరిస్థితి. ఎన్నికైన మండలి ఉన్న కాలంలోనూ కార్పొరేషన్ చట్టం ప్రకారం కార్యనిర్వాహక అధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్‌దే తప్ప మేయర్‌ది కాదు. కార్పొరేటర్‌కు వీధిదీపం గురించి అడిగే హక్కు ఉంది. తన వార్డులో నలభై అంతస్తుల భవనానికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయంలో అతనికి పాత్ర లేదు.

ఓటర్ల వైపు నుంచి కూడా లోపం ఉంది. 2009, 2016, 2020 మూడు ఎన్నికల్లోనూ నగరంలో పోలింగ్ యాభై శాతం చేరలేదు. ఐటీ కారిడార్‌లో ఉద్యోగం చేసే యువతలో ఎందరికో ఓటు సొంత ఊళ్లోనే ఉంటుంది, అద్దె ఇల్లు ఏటా మారుతుంది, భవన నిర్మాణంలో పనిచేసే పాలమూరు, ఒడిశా, బిహార్ కూలీలకు ఇక్కడ చిరునామాయే ఉండదు. వీరిని ఉదాసీనులని నిందించడం సులభం. కానీ ఓటు వేసినా ఏ సంస్థ ఏ పనికి జవాబుదారీయో తెలియని చోట, ఓటింగ్ పట్ల ఆసక్తి సన్నగిల్లడంలో ఆశ్చర్యపడవలసింది లేదు. కార్పొరేషన్ చేతిలో లేని అధికారం కోసం కార్పొరేటర్‌ను ఎన్నుకోవాలని పౌరుణ్ణి ఎంతకాలం ఒప్పించగలం?

పోలీసు వ్యవస్థ ఈ లోటును కొంతవరకు పూరించిన తీరు ప్రత్యేకంగా గమనించదగినది. 2003లో ఏర్పడిన సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్, 2016లో రెండుగా విడిపోయి తూర్పు భాగం రాచకొండ అయింది. కమిషనరేట్ అంటే శాంతిభద్రతలతో పాటు కొన్ని మేజిస్ట్రేట్ అధికారాలు కూడా పోలీసు కమిషనర్‌కే ఉండే ఏర్పాటు. ఐటీ కంపెనీలతో కలిసి 2006లో మొదలైన సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ సొసైటీ, ట్రాఫిక్ వలంటీర్లను, మహిళా ఉద్యోగుల భద్రతా కార్యక్రమాలను, షటిల్ బస్సులను సమకూర్చింది. రాత్రి షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరవలసిన మహిళలకు అది చేసిన మేలు నిజమైనది, అభినందించవలసినది. అయితే కంపెనీల విరాళంతో, పోలీసుల నాయకత్వంలో నడిచే సొసైటీ ఒక ప్రాంతపు ట్రాఫిక్‌ను, వీధి భద్రతను చూసుకోవలసి రావడం, ఆ పని చేయవలసిన పౌరసంస్థ అక్కడ లేదని చెప్పే సాక్ష్యం కూడా.

భూమి అమ్మకం, చెరువు రక్షణ

స్థానిక సంస్థకు నిజంగా బలం చేకూర్చేది భూమి విలువ. రోడ్డు, నీరు, మెట్రో వంటి ప్రజాధనంతో వచ్చిన సదుపాయాల వల్లనే ఇక్కడి భూమి విలువ పెరిగింది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది; 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు పోయింది. మొదటి వేలం వేసింది హెచ్‌ఎండీఏ, రెండో వేలం వేసింది టీజీఐఐసీ. కోకాపేట అప్పటికి నార్సింగి మున్సిపాలిటీలో ఉంది. 2018లో ఏర్పడి, 2020 జనవరిలో మొదటి పాలకవర్గాన్ని ఎన్నుకున్న ఆ చిన్న పురపాలిక, తన పరిధిలో లేచే ఆకాశహర్మ్యాల చెత్తను ఎత్తవలసి వచ్చేది, వాటి దగ్గర రోడ్డును ఊడ్చవలసి వచ్చేది, కానీ ఆ భూమి అమ్మకాల్లో దానికి మాట ఉండేది కాదు. భూమిని అమ్మే సంస్థే ఆ భూమి వినియోగాన్ని నిర్ణయించే సంస్థ కూడా కావడం ఈ వ్యవస్థలో అన్నిటికన్నా పెద్ద లోపం. ప్రణాళికా సంస్థ ఆదాయం కోసం భూమి మీద ఆధారపడితే, ఏ చోట ఎంత జనాన్ని భరించగలమన్న ప్రశ్నను అది నిష్పాక్షికంగా వేసుకోలేదు.

కంచ గచ్చిబౌలి వివాదం ఈ లోపాన్ని దేశమంతటికీ చూపించింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని సర్వే నంబరు 25లో ఉన్న 400 ఎకరాలను 2003లో ఒక క్రీడా సంస్థకు కేటాయించి, 2006లో ఆ కేటాయింపును రద్దు చేశారు. ఆ తరువాత సాగిన వ్యాజ్యం 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా ముగియగా, భూమి టీజీఐఐసీ చేతికి వచ్చింది. 2025 మార్చి చివర అక్కడ యంత్రాలు చెట్లను తొలగించడం మొదలుపెట్టినప్పుడు విద్యార్థులు అడ్డుకున్నారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. ఆ భూమి విశ్వవిద్యాలయానిదా, ప్రభుత్వానిదా, అడవా, కాదా అన్న వాదనలను పక్కన ఉంచి చూసినా, జింకలు, నెమళ్లు తిరిగే అంత విశాలమైన పచ్చని నేల భవితవ్యం గురించి స్థానిక పాలకమండలిలో ఒక్క తీర్మానమైనా జరగవలసిన అవసరం ఏ చట్టం వల్లా ఏర్పడలేదన్నది ఆందోళన కలిగించే విషయం. పారిశ్రామిక సంస్థ నిర్ణయించింది, పోలీసులు కాపలా కాశారు, న్యాయస్థానం ఆపింది. పక్క కాలనీల ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధి ఈ క్రమంలో ఎక్కడా లేరు.

చెరువుల విషయంలో అధికారం మరింతగా ముక్కలైంది. చెరువు గట్టు, తూములు నీటిపారుదల శాఖవి, శిఖం భూమి, అంటే నీరు తగ్గినప్పుడు బయటపడే చెరువు గర్భం, రెవెన్యూ శాఖది, సుందరీకరణ కార్పొరేషన్‌ది, పూర్తి నీటిమట్టం హద్దు నిర్ణయం 2010లో ఏర్పడిన హెచ్‌ఎండీఏ చెరువుల పరిరక్షణ కమిటీది. ఆ హద్దు వెలుపల పది హెక్టార్లు లేదా అంతకు మించిన చెరువుకు ముప్పై మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు తొమ్మిది మీటర్లు ఖాళీగా వదలాలని 2012 నాటి భవన నిబంధనలు చెబుతున్నాయి. 1996 మార్చి నాటి 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను పరిమితం చేయగా, 2022 ఏప్రిల్‌లో మరో ఉత్తర్వు ఆ పరిమితులను సడలించింది. ఇన్ని నిబంధనలున్నా మాదాపూర్, ఖాజాగూడ, గచ్చిబౌలి పరిసరాల చెరువుల అంచులు కుంచించుకుపోయాయి. 2024 జూలైలో ప్రభుత్వం హైడ్రా అనే సంస్థను ఏర్పాటు చేసి, అవుటర్ రింగ్ రోడ్డు దాకా చెరువుల, నాలాల, ప్రభుత్వ స్థలాల రక్షణను అప్పగించింది. ఆక్రమణల తొలగింపు అవసరమే. కానీ ఒక శాఖ అనుమతి ఇచ్చి, మరో శాఖ పన్ను కట్టించుకుని, ఇంకో సంస్థ కూల్చివేసే క్రమంలో ఇల్లు కొన్న మధ్యతరగతి కుటుంబం నష్టపోతుంది. అనుమతి ఇచ్చినవారికి ఏమీ కాదు. ఒక వైఫల్యానికి మందుగా మరో ప్రత్యేక సంస్థను సృష్టించే అలవాటు ఇరవై ఐదేళ్లుగా మారలేదు.

ఇతర అనుభవాలు

ఈ సమస్య హైదరాబాద్‌కే పరిమితం కాదు. భారత రాజ్యాంగపు 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చి పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించింది. పన్నెండో షెడ్యూల్లో పట్టణ ప్రణాళిక, భూ వినియోగ నియంత్రణ, నీటి సరఫరా సహా పద్దెనిమిది అంశాలను చేర్చింది. అదే సవరణ 243 క్యూ అధికరణంలో ఒక వెసులుబాటు కూడా ఉంచింది: పరిశ్రమలే పౌర సదుపాయాలు కల్పిస్తున్న ప్రాంతాన్ని గవర్నరు పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించి, అక్కడ మున్సిపాలిటీ లేకుండా నడపవచ్చు. నోయిడా ఆ బాటలో నడిచి, లక్షల జనాభా ఉన్నా ఎన్నికైన పురపాలిక లేకుండానే మిగిలింది. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ సిటీకి 2013లో ప్రత్యేక టౌన్‌షిప్ అథారిటీ ఏర్పడింది. కోల్‌కతా సాల్ట్ లేక్ ఐదో సెక్టారుకు నబదిగంత అథారిటీ ఉంది. వీటిలో రోడ్లు శుభ్రంగా ఉంటాయన్న పేరుంది. అయితే ఎలక్ట్రానిక్స్ సిటీ వంటి చోట్ల నివాసాలు తక్కువ, కార్యాలయాలు ఎక్కువ. గచ్చిబౌలి, కొండాపూర్ అలా కాదు. అక్కడ పాత ఊళ్లు, బస్తీలు, అపార్ట్‌మెంట్లు, బడులు, గుళ్లు, మసీదులు కార్యాలయాలతో పెనవేసుకుని ఉన్నాయి. వాటి మధ్య నుంచి కార్యాలయాలను మాత్రమే వేరుచేసి టౌన్‌షిప్ చేయడం ప్రజలను రెండు తరగతులుగా విడదీయడమే అవుతుంది.

చరిత్రలో ఇలాంటి విభజన కొత్తది కాదు. రెండవ అలెగ్జాండర్ కాలంలో 1870లో వచ్చిన రష్యా పట్టణ చట్టం ప్రకారం దేశంలోని చిన్న, పెద్ద పట్టణాల్లో పట్టణ సభలకు ఓటు హక్కు పన్ను కట్టేవారికే ఉండేది. ఎక్కువ పన్ను కట్టే కొద్దిమందికి, తక్కువ కట్టే వేలమందికి సమాన సంఖ్యలో ప్రతినిధులు దక్కేలా ఓటర్లను మూడు వర్గాలుగా విభజించారు. ఇల్లు లేని అద్దెదారులు ఆ లెక్కలోకే రాలేదు, పట్టణ సభపై రాష్ట్ర గవర్నరు పర్యవేక్షణ ఉండేది. పన్ను కట్టిన మేరకే మాట చెల్లాలన్న ఆ సూత్రాన్ని ఆధునిక ప్రజాస్వామ్యాలు తిరస్కరించాయి. పరిశ్రమలు కట్టే పన్నును పరిశ్రమల హద్దుల్లోనే నిలిపివేయాలన్న వాదన ఆ పాత సూత్రానికి మరో రూపమని గుర్తించాలి.

243 జెడ్‌ఈ అధికరణం ప్రతి మహానగరానికి మెట్రోపాలిటన్ ప్రణాళికా సంఘం ఉండాలని, దాని సభ్యుల్లో మూడింట రెండు వంతుల మందిని ఎన్నికైన పురపాలికల, పంచాయతీల ప్రతినిధులే ఎన్నుకోవాలని చెబుతుంది. హైదరాబాద్‌లో ప్రణాళికాధికారం ఆచరణలో హెచ్‌ఎండీఏ చేతిలోనే ఉండిపోయింది. కొత్త చట్టాలు రాయనక్కర లేకుండా, రాజ్యాంగంలో ముప్పై ఏళ్లుగా ఉన్న మార్గాన్ని వాడుకోకపోవడం పాలకుల ఇష్టాయిష్టాల సంగతే కాని సాంకేతికమైన ఇబ్బంది కాదు.

2025 విస్తరణ తరువాత

2025 డిసెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు లోపల, చుట్టూ ఉన్న 27 పురపాలక సంస్థలను గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో విలీనం చేశారు. నార్సింగి, మణికొండ, బండ్లగూడ జాగీర్, తెల్లాపూర్, అమీన్‌పూర్ వీటిలో ఉన్నాయి. వార్డుల సంఖ్య 150 నుంచి 300కు పెరిగింది. ఐటీ కారిడార్ మొత్తం ఒకే కార్పొరేషన్ గొడుగు కిందికి రావడం మంచి అవకాశమే, ఎందుకంటే రోడ్డు ఒకచోట నార్సింగిది, మరో అడుగు దూరంలో శేరిలింగంపల్లిది అన్న గందరగోళం తొలగుతుంది. అయితే ఈ నిర్ణయం జరిగే నాటికి ఆ పురపాలికల పాలకవర్గాల గడువు 2025 జనవరిలోనే ముగిసి, ప్రత్యేకాధికారుల పాలన నడుస్తోంది. తమ ఊరి పురపాలిక ఉండాలా, పోవాలా అన్న ప్రశ్న మీద ఎన్నికైన ప్రతినిధి ఒక్కరూ ఓటు వేయకుండానే ఆ పురపాలికలు రద్దయ్యాయి. 2007లో అనుసరించిన పద్ధతే 2025లో పునరావృతమైంది.

ఇంత పెద్ద కార్పొరేషన్‌ను ఒకటిగా ఉంచాలా, ముక్కలు చేయాలా అన్న చర్చకు ఢిల్లీ అనుభవం ఒక హెచ్చరిక. అక్కడ 2012లో మూడుగా విడగొట్టిన కార్పొరేషన్‌ను, పేద ప్రాంతాల సంస్థలు జీతాలు చెల్లించలేని స్థితికి చేరాక, 2022లో మళ్లీ కలిపారు. బెంగళూరులో 2025లో ఐదు కార్పొరేషన్లను ఒక ఉమ్మడి అథారిటీ కింద ఏర్పాటు చేశారు. దాని ఫలితం తేలడానికి సమయం పడుతుంది. ఐటీ కారిడార్‌కు సొంత కార్పొరేషన్ ఏర్పడితే అది ధనిక కార్పొరేషన్ అవుతుంది, పాతబస్తీ, మూసీ పరీవాహక ప్రాంతాలు తమ ఆదాయాన్ని కోల్పోతాయి. కాబట్టి సరిహద్దు ఎక్కడ గీయాలన్న దానికన్నా, ఆ సరిహద్దు లోపల ఏయే అధికారాలు ఎన్నికైన సంస్థకు బదిలీ అవుతాయన్నదే ముఖ్యం.

పరిశీలన అంతటి తరువాత చేయవలసిన పనుల వరుస స్పష్టంగానే ఉంది. ఐలా పరిధిలోని ఆస్తి పన్నును, భవన అనుమతులను కార్పొరేషన్‌కు అప్పగించి, పారిశ్రామిక సంస్థను భూముల అభివృద్ధికే పరిమితం చేయాలి. భూముల వేలం సొమ్ములో నిర్ణీత వాటా ఆ భూమి ఉన్న వార్డుల మురుగునీటి, వాననీటి వ్యవస్థకు చట్టం ద్వారా చేరాలి. చెరువు గట్టు నుంచి నాలా చివరి దాకా ఒకే సంస్థ జవాబుదారీ కావాలి. మూడు లక్షల జనాభా దాటిన పట్టణాలకు 243 ఎస్ అధికరణం తప్పనిసరి చేసిన వార్డు కమిటీలు, 2023 జూన్‌లో తెరిచిన వార్డు కార్యాలయాల్లో నెలనెలా కూర్చోవాలి, అద్దెకుండే ఉద్యోగులకు, బస్తీల కార్మికులకు, హాస్టలు యజమానులకు వాటిలో చోటుండాలి. అన్నిటికన్నా ముందు, 300 వార్డులకు ఎన్నికలు ఆలస్యం లేకుండా జరగాలి. ఐటీ కారిడార్‌లో ఉండే ప్రతి ఉద్యోగి, ప్రతి అద్దెదారు తన ఓటును తాను ఉంటున్న వార్డుకు మార్చుకోవాలి.